మైనంలో మొలిచే దవడ పన్ను

రూట్ కెనాల్ చేయించుకుని క్యాప్ వేయించుకున్నవాళ్ళు అద్దంలో చూసుకునేది రంగే. పక్క పళ్ళతో కలిసిపోయిందా, మరీ తెల్లగా కొట్టొచ్చినట్టు ఉందా అని. నమిలే వైపున ఉన్న ఎత్తుపల్లాల జోలికి ఎవరూ పోరు. డెంటల్ ల్యాబులో పనితనమంతా ఉండేది మాత్రం అక్కడే.

ఆ ఎత్తుల్ని డాక్టర్లు కస్పులంటారు. కోరపంటికి ఒకటే మొన. దాని వెనక అగ్రచర్వణకాలకు మామూలుగా రెండు. ఆరేళ్ళ వయసులో వచ్చే మొదటి చర్వణకానికి పై దవడలో నాలుగు, కింది దవడలో ఐదు. పేర్లన్నీ దిక్కుల్ని బట్టి పెట్టినవే. చెంప వైపుది బక్కల్, అంగిలి వైపుది పాలటల్, ముందుకు ఉన్నది మీసియల్, గొంతు వైపుకు ఉన్నది డిస్టల్. అంగిలి వైపున ముందు ఉన్న మొన మీసియో పాలటల్ కస్ప్. పై చర్వణకంలో అన్నిటికన్నా పెద్దది ఇదే. దాని వెనకనున్న డిస్టో పాలటల్ అన్నిటికన్నా చిన్నది.

బీడీఎస్ మొదటి ఏడాది పిల్లలు ఈ పేర్లు వల్లెవేస్తూనే మైనపు దిమ్మల్లోంచి పళ్ళు చెక్కుతారు. చెయ్యి తిరగనివాళ్ళు పై చర్వణకం దగ్గర తేలిగ్గా దొరికిపోతారు. మీసియో పాలటల్ మొన నుంచి చెంప వైపు వెనకనున్న మొన దాకా ఏటవాలుగా ఒక గట్టు నడుస్తుంది. దాన్ని పట్టించుకోకుండా మధ్య గాడిని ఈ కొస నుంచి ఆ కొసకు తిన్నగా లాగేస్తే, మిగతాదంతా ఎంత నున్నగా తీర్చినా అది పై చర్వణకం కాదు.

ల్యాబులో పని ఇందుకు తలకిందులు. అక్కడ చెక్కడం తక్కువ, చుక్క చుక్కగా పోయడం ఎక్కువ. అమెరికా దంతవైద్యుడు పీటర్ కె. థామస్ పేరు మీద పీకేటీ అని పిలిచే ఐదు పరికరాలు ఇందుకోసమే ఉన్నాయి. మొదటి రెండూ మైనం పోయడానికి, మిగతావి తీర్చిదిద్దడానికి. పై దవడ, కింది దవడ అచ్చులు రెండూ, నోరులా తెరిచి మూసే ఆర్టిక్యులేటర్ అనే పరికరం మీద ఎదురెదురుగా బిగించి ఉంటాయి. టెక్నీషియన్ ఒకటో నంబరు పరికరాన్ని మంట మీద చూపించి, మైనం అద్ది, కొనను పంటి మీద ఆనించి నెమ్మదిగా పైకి లాగుతాడు. మైనం సన్నటి శంకువులా నిలబడుతుంది. అలా నాలుగు చోట్ల నాలుగు శంకువులు. పన్నింకా పన్నులా లేదు, బోసి నేల మీద పాతిన గుంజల్లా ఉంటుంది. కానీ ఆర్టిక్యులేటర్ మూసి చూస్తే, ఏ మొన ఎదుటి పంటిలో ఎక్కడ దిగుతుందో అప్పుడే తేలిపోతుంది. తేడా ఉంటే ఒక శంకువు తీసి పక్కకు జరపడం నిమిషం పని. పన్నంతా తయారయ్యాక తెలిస్తే మొత్తం మళ్ళీ మొదటికొస్తుంది.

మొనలు కుదిరాక వాటిని కలుపుతూ అంచు గట్లు, మొన నుంచి మధ్యకు దిగే వాలు గట్లు పోస్తాడు. గాడుల్ని విడిగా గీయాల్సిన పనే ఉండదు. రెండు వాలులు కలిసే చోట గాడి దానంతటదే మిగులుతుంది. మూడో నంబరు పరికరంతో దాన్ని శుభ్రం చేస్తే చాలు.

చిగురు లోపల అసలు పన్ను తయారయ్యేదీ ఈ వరసలోనే. మొదటి చర్వణకం గట్టిపడటం బిడ్డ పుట్టే వేళకు మొనల కొసల దగ్గర మొదలవుతుంది. ఒక్కో మొన మీద విడివిడిగా చిన్న టోపీలా ఎనామిల్ ఏర్పడి, కిందికి దిగుతూ పక్కదానితో కలుస్తుంది. కలిసిన చోటే గాడి. ఆ కలయిక సరిగా కుదరకపోతే లోతైన ఇరుకు సందు మిగిలి, పుచ్చు అక్కడే పట్టుకుంటుంది.

ఇక నన్ను కట్టిపడేసిన సంగతి. పై పంటి మీసియో పాలటల్ మొన కింది పంటి నడిమి గుంటలోకి దిగుతుంది. రోట్లో పచ్చడిబండ దిగినట్టే. కానీ శ్రద్ధగా చేసిన పనిలో ఆ మొన కొస దేనికీ తగలదు! చుట్టూ ఉన్న వాలులు మూడు చోట్ల ఆని పంటిని నిలబెడతాయి. కొస గాల్లోనే ఉంటుంది కాబట్టి తొందరగా మొద్దుబారదు. మైనం మీద జింక్ స్టీరేట్ పొడి పలచగా చల్లి ఆర్టిక్యులేటర్ మూస్తే, ఆనిన చోట పొడి చెదిరి మెరుస్తుంది. మూడు మెరుపులుండి, నడుమ కొస మీద పొడి చెక్కుచెదరకుండా ఉంటే పని కుదిరినట్టు. రోజువారీ పనిలో ఇంత ఓపిక తక్కువే. కొసను గుంటలో కూర్చోబెట్టి పంపేసేదే ఎక్కువ. దాంతో నమలలేమని కాదు గానీ, రెండూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళకు తేడా తెలుస్తుంది.

చెంప వైపు మొనల తీరు వేరు. అవి కాస్త పదునుగా, కింది పంటిని దాటి బయటికి ఉంటాయి. నమిలేటప్పుడు చెంప పళ్ళ మధ్య పడకుండా కాచేది ఈ వరసే. మంచి పనివాడు ఇంకొకటీ చూస్తాడు. కొందరికి మీసియో పాలటల్ మొన పక్కన, అంగిలి వైపు గోడ మీద చిన్న బుడిపె ఉంటుంది. వియన్నాలో చక్రవర్తికి దంతవైద్యం చేసిన గియోర్గ్ కారాబెల్లి పేరుతో దాన్ని పిలుస్తారు. నమలడానికి పెద్దగా పనికిరాదు. అయినా అవతలి వైపు పంటికి ఉంటే ఇవతల క్యాప్‌కూ పెడతాడు. ఎవరూ చూడరని తెలిసీ పెడతాడు.

మైనం తయారయ్యాక దాని చుట్టూ అచ్చు పోసి, కాల్చి, ఖాళీ అయిన చోట లోహం పోస్తారు. పంచలోహ విగ్రహాల పద్ధతే. 1907లో అమెరికాకు చెందిన విలియం టాగర్ట్ దీన్ని దంతవైద్యంలో ప్రాచుర్యంలోకి తెచ్చాడు.

మొనల అమరిక ఎంత పాతదో చెప్పే సాక్ష్యం మన దగ్గరే దొరికింది. వికారాబాద్ ప్రాంతంలోని నస్కల్ దగ్గర, దక్కన్ లావా పొరల మధ్య చిక్కుకున్న మట్టిలో, డైనోసార్ల కాలం చివరినాటి బుల్లి క్షీరదం పళ్ళు బయటపడ్డాయి. 1988లో పరిశోధకులు ప్రసాద్, సాహ్నీ దానికి డెక్కనోలెస్టిస్ అని పేరు పెట్టారు. ఒకటి రెండు మిల్లీమీటర్ల పళ్ళు! జంతువును గుర్తుపట్టింది మొనల అమరికతోనే. దాని పై పంటి లోపలి మొన కింది పంటి గుంటలోకే దిగుతుంది. శిలాజ శాస్త్రవేత్తలు ప్రోటోకోన్ అనే ఆ మొనకు మన నోట్లో సాటి వచ్చేది మీసియో పాలటలే.

ఇప్పుడు చాలా క్యాపులు కంప్యూటర్లో గీసి జిర్కోనియా దిమ్మలోంచి మిషన్‌తో చెక్కేవే. వేగం, కొలత బాగుంటాయి. కానీ మిషన్‌లో తిరుగుతూ చెక్కే ములికి, అంటే బర్రు, ఎంత లావుంటే గాడి అంతకన్నా సన్నబడదు. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన పన్ను అందరికీ ఒకే పోలికతో వస్తుంది. తెర మీద మొనను ఎటు జరపాలో తెలియాలంటే ఒకప్పుడు మైనంతో చెయ్యి కాల్చుకుని ఉండాలని నా నమ్మకం.

క్యాప్ బిగించే ముందు డాక్టరు రంగు కాగితం పెట్టి కొరకమంటాడు. చాలామంది మొహమాటానికి ‘బాగానే ఉంది సార్’ అనేసి లేచిపోతారు. అలా అనకండి. పళ్ళు వెంట్రుక కన్నా సన్నటి తేడాను కూడా పసిగడతాయి. నాలుగుసార్లు కొరికి, దవడ అటూ ఇటూ జరిపి చూడండి. ఎక్కడైనా ఎత్తుగా తగిలితే ఆ కుర్చీలో ఉండగానే చెప్పండి.