గరుత్మంతుడి భుజాలు

తెనాలి శిల్పశాలల్లో నాయకుల విగ్రహాలదే పెద్ద వరుస. నాకు మాత్రం గరుత్మంతుడి దగ్గరే కాళ్లు ఆగుతాయి. బాపట్ల భావనారాయణుడికైనా, ఏ విష్ణుమూర్తికైనా వాహనం ఈయనే. మనిషి ఒళ్లు, గద్ద ముక్కు, వీపున రెక్కలు. అతుకు మాత్రం కనిపించకూడదు.

బంకమట్టితో రూపం, దానిమీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అచ్చు, అచ్చులో ఫైబర్ పొరలు. రెక్కల బరువు మోయడానికి లోపల ఇనుప చువ్వలు. ఇనుము ఈ ఊరికి బాగా లొంగింది: 2021లో ఇక్కడి శిల్పి కాటూరి వెంకటేశ్వరరావు పాత నట్లు, బోల్టులతో 14 అడుగుల ప్రధాని విగ్రహమే నిలబెట్టారు.

అసలు నేర్పంతా ఈకల్లో ఉంది. భుజం దగ్గర చేప పొలుసుల్లా చిన్నగా మొదలై, చివర్లకు వెళ్లేకొద్దీ పొడవుగా విచ్చుకోవాలి. అంత బలమైన రెక్కలున్నవాడి చేతులు జోడించే ఉండాలి. ఆ బలాన్నీ ఆ వినయాన్నీ ఒకే ఒంట్లో ఇమిడ్చే శిల్పికి నా నమస్కారం.