సీసా అడుగు మడ్డి, దుకాణం ప్యాకెట్

కొన్ని బీరు సీసాల అడుగున పల్చటి తెల్లని మడ్డి పేరుకుని ఉంటుంది. వడపోయకుండా, సీసాలోనే రెండోసారి పులియనిచ్చిన బీరులో మిగిలిన ఈస్ట్ అది. ఆ మడ్డికి మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం) నీళ్లు పోసి పెంచి, దానితో కొత్త బీరు పులియబెట్టడం అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో ఇంట్లో బీరు కాచుకునేవారికి ఉన్న అలవాటు. దుకాణంలో ప్యాకెట్ దొరుకుతుండగా ఈ శ్రమ దేనికని అడగడం న్యాయమే. చాలామంది దీన్ని డబ్బు ఆదా లెక్కగా చూస్తారు. కానీ అసలు తేడా ధరలో లేదు. ఈస్ట్ ఆరోగ్యంగా ఉందా లేదా అని పరీక్షించే పని ఎవరిదన్నదే తేడా. ప్యాకెట్ కొంటే ఆ పని ప్రయోగశాల చేసి పెడుతుంది. సీసా నుంచి తీస్తే మన కన్ను, ముక్కు, నాలుక చేయాలి. పెరుగు తోడు వేసే ఇల్లాలు నిన్నటి పెరుగు వాసన చూసిగానీ పాలలో కలపదు. ఆ జాగ్రత్త ఉన్నవారికే సీసా ఈస్ట్ తగినది.

ముందు ఎంత ఈస్ట్ కావాలో లెక్క చూద్దాం. ఏల్ రకం బీరుకు మిల్లీలీటరుకు, ఒక్కో ప్లేటో డిగ్రీకి (పులియని మాల్ట్ నీళ్ల చిక్కదనాన్ని కొలిచే ప్రమాణం) 7.5 లక్షల కణాలు వేయాలన్నది వాడుకలో ఉన్న కొలత. ఆ లెక్కన 12 డిగ్రీల 20 లీటర్ల బీరుకు దాదాపు 18,000 కోట్ల కణాలు కావాలి. సీసాలో మిల్లీలీటరుకు 10 లక్షల కణాలున్నాయనుకున్నా, 330 మిల్లీలీటర్ల సీసా మొత్తంలో ఉండేవి 33 కోట్లే. వాటిలో కొన్ని చచ్చినవీ ఉంటాయి. అంటే ఈస్ట్ ఐదు వందల రెట్లకు పైగా పెరగాలి. ఒకేసారి 20 లీటర్లలో వేస్తే అది పుంజుకునేలోపే బ్యాక్టీరియా కాపురం పెడుతుంది. అందుకే మెట్లు మెట్లుగా పెంచుతారు. సీసాను ఫ్రిజ్‌లో కొన్ని రోజులు నిలువుగా ఉంచి మడ్డిని దిగనిస్తారు. మూతిని స్పిరిట్‌తో తుడిచి, పైబీరు మెల్లగా వంచేసి, అడుగున రెండు వేళ్ల మందం మిగులుస్తారు. మరిగించి చల్లార్చిన పల్చటి మాల్ట్ నీళ్లు 100 మిల్లీలీటర్లు అందులో పోసి, గ్యాస్ బయటికి పోయేలా మూతిపై రేకు వదులుగా కప్పి, గది వేడిలో ఉంచుతారు. నురగ కట్టి, మడ్డి పెరిగాక లీటరుకు, తర్వాత రెండు లీటర్లకు మారుస్తారు. ఈ మెట్లకు లీటరు నీటికి 100 గ్రాముల ఎండు మాల్ట్ సారం సరిపోతుంది.

అయితే ఏ సీసా అన్నదే కీలకం. 1862లో అడిలైడ్‌లో మొదలైన కూపర్స్ బీరు ఇందుకు మంచి ఉదాహరణ. బీరును పులియబెట్టిన ఈస్టే దాని సీసాలోనూ ఉంటుంది. అందులోనూ ఆల్కహాల్ తక్కువున్న పేల్ ఏల్ సీసా మేలు, ఆల్కహాల్ పెరిగేకొద్దీ కణాలు నీరసిస్తాయి. బెల్జియం మఠంలో తయారయ్యే ఓర్వాల్ సంగతి వేరు. దానిలో బ్రెటనోమైసిస్ అనే మరో ఈస్ట్ కూడా ఉంటుంది. అది మిగిలిన చక్కెరలను నెలల తరబడి తింటుంది. తెలియక వాడితే సీసాల్లో గ్యాస్ పెరిగి పగిలే ప్రమాదం ఉంది. కొన్ని గోధుమ బీర్లలో అసలు ఈస్ట్‌ను వడపోసి, సీసా కోసం లాగర్ అనే మరో రకం బీరు ఈస్ట్ కలుపుతారు. దాన్ని పెంచితే మనం ఆశించిన పరిమళం రాదు. ఇక కాలిఫోర్నియాలోని సియెరా నెవాడా బ్రూవరీ నుంచి పేరుపడ్డ చికో రకం ఈస్ట్ దుకాణంలోనే దొరుకుతుంది. దాని కోసం సీసా మడ్డి పెంచడం అనవసరం.

వెనకటివాళ్లు పాత మడ్డితోనే కాచారు కదా, ప్రయోగశాల ఎందుకని కొందరంటారు. నిజమే, కానీ వాళ్ల బీరు తరచూ చెడిపోయేది కూడా. బీరు అలా చెడి చేదెక్కడానికి అడవి ఈస్టులు కారణమని కనిపెట్టిన ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్, 1883లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఒకే కణం నుంచి శుద్ధమైన ఈస్ట్‌ను పెంచాడు. కార్ల్స్‌బర్గ్ దాన్ని ఇతర తయారీదారులకు ఉచితంగా ఇచ్చింది. ఇవాళ్టి ప్యాకెట్ ఆ ఔదార్యానికి వారసురాలు. అలాగని ప్యాకెట్ ఉంటే సీసా పనే లేదనడమూ సరికాదు. ప్రతి బ్రూవరీ ఈస్టూ అమ్మకానికి రాదు. ఒక బీరుకు ప్రాణమైన పండు వాసన దాని సొంత ఈస్ట్ నుంచే వస్తే, ఆ సీసా తప్ప మరో దారి లేదు. పైగా మెట్టుమెట్టుకూ వాసన చూసి, రుచి చూసి పెంచినవాడికి ఈస్ట్ ప్రాణి అన్న సంగతి చేతికి తెలుస్తుంది.

చట్టం మాటా చెప్పుకోవాలి. అమెరికాలో 1978 నాటి చట్టం ఇద్దరు పెద్దలున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల వరకు పన్ను లేకుండా కాచుకోనిస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో లైసెన్సు లేకుండా మద్యం తయారీ నేరం. కాబట్టి ఈ మాటలు అనుమతి ఉన్న దేశాల్లోని తెలుగువారికే పనికొస్తాయి. వారికి నా సలహా ఇది. కొత్తగా మొదలుపెట్టేవారు ప్యాకెట్‌తోనే కాచండి. చేయి కుదిరాక, దుకాణంలో దొరకని ఈస్ట్ కోసం మాత్రమే సీసా దగ్గరికి వెళ్లండి. అప్పుడు కూడా ఫ్రిజ్‌లో ఒక ప్యాకెట్ సిద్ధంగా ఉంచుకోండి. పెంచిన మడ్డిలో పులుపో, ముక్క వాసనో తగిలితే ఆలోచించకుండా పారబోసి, ఆ ప్యాకెట్ విప్పండి.