సొట్ట తీసే నేర్పు

పెళ్లి ఊరేగింపులో చేయిజారి పడిన ట్రంపెట్‌ను బాగుచేయడమంటే సత్తుగిన్నె సొట్ట తీయడం లాంటిదేనని చాలామంది అనుకుంటారు. అది అన్యాయం. ట్రంపెట్‌ను తయారుచేసే ఇత్తడి రాగి, జింకుల మిశ్రమం. కొట్టేకొద్దీ గట్టిపడి చివరికి పగులుతుంది. అందుకే మంచి పనివాడు సుత్తితో బాదడు. గొట్టంలోకి ఉక్కు గుండును పంపి, సైజు కొంచెం కొంచెంగా పెంచుతూ సొట్టను లోపలినుంచి లేపుతాడు. ఆపైన నున్నటి ఉక్కు పనిముట్టుతో రుద్ది సాపు చేస్తాడు.

చిన్న సొట్టతో స్వరం మారదు కదా అనవచ్చు. ట్రంపెట్ చివర వెడల్పాటి గంట (బెల్) దగ్గర అది చాలావరకు నిజమే. కానీ మౌత్‌పీస్ పక్కనున్న సన్నని గొట్టంలో అదే సొట్ట కొన్ని స్వరాలను శ్రుతి తప్పిస్తుంది. వేళ్లతో నొక్కే పిస్టన్‌కూ దాని గదికీ మధ్య ఖాళీ వెంట్రుక మందమైనా ఉండదు. గది కాస్త నొక్కుకుపోయినా పిస్టన్ ఇరుక్కుపోతుంది. కొత్తది కొనుక్కోవచ్చు కదా అనేవారూ ఉన్నారు. పిస్టన్లు బాగున్న వాయిద్యాన్ని సొట్ట కోసం పారేయడం దండగ. కొత్తది కొనే ఖర్చు ముహూర్తాల రోజుల్లో బ్యాండుమేళం కళాకారుడు సంపాదించినదాన్ని మింగేస్తుంది. జింకు పోయి గొట్టం గుల్లబారితే మాత్రం దాని సొట్ట తీయడం వృథా. ఆ మాట నిజాయితీగా చెప్పడమూ పనితనమే. సంగీతానికి మనమిచ్చే గౌరవంలో మరమ్మతు చేసే ఈ చేతులకూ వాటా దక్కాలి.