కాలమ్‌కీ ఉక్కపోస్తుంది

తార్నాక చౌరస్తా దాటి ఉప్పల్ వైపు వెళ్తుంటే ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ బోర్డులు పలకరిస్తాయి. నేను పనిచేసిన ల్యాబ్‌కి అంత భాగ్యం లేదు. హబ్సిగూడ సందులో ఒక మేడ మీది గది. కలిసిపోయిన పదార్థాలను విడదీసే హెచ్‌పీఎల్‌సీ యంత్రం ఒకటి, మొరాయించే ఏసీ. ఆ విడదీత జరిగే గొట్టం, అంటే కాలమ్, వేడి మారకుండా కాచే ఓవెన్ లేదు.

ఓ మే నెలలో మసి శాంపిళ్లు వచ్చాయి. మసి నిండా వలయాల హైడ్రోకార్బన్లే. బీరువాలో కలరా ఉండలుగా మనకు తెలిసిన నాఫ్తలీన్‌ది రెండు వలయాల ఒళ్లు, ఆ ఇంట్లో చిన్నపిల్ల. పొద్దున పదో నిమిషంలో వచ్చిన దాని పీక్, అంటే గీతలో లేచే గుట్ట, కరెంటు పోయొచ్చిన మధ్యాహ్నం తొమ్మిదికే దిగిపోయింది. పంపును అనుమానించాను. కాలమ్‌లో పారే సాల్వెంట్ మిశ్రమం, మొబైల్ ఫేజ్, మళ్లీ కలిపాను.

"గోడ మీద థర్మామీటర్ చూశావా బాబూ? కాలమ్‌కీ ఉక్కపోస్తుంది" అన్నారు మా సీనియర్ సార్.

ఒక్క డిగ్రీ పెరిగితే పీక్ ఒకటి రెండు శాతం ముందుకు జరుగుతుంది. అది సరే, సాల్వెంట్‌కీ ఒంటి వేడి ఉంటుందని ఆ రోజే తెలిసింది. మిథనాల్‌లో నీళ్లు కలిపితే సీసా వెచ్చబడుతుంది, అసిటోనైట్రైల్‌లో కలిపితే చల్లబడుతుంది. కలిపిన వెంటనే పంపుకి తగిలించే తొందర నాది. చల్లటి సీసా గది వేడికి తేరుకుంటూ బుడగలు వదిలేది, పీకుల అడుగు గీత బేస్‌లైన్ గంతులేసేది. మిథనాల్‌తో ఆ బాధ తక్కువే, కానీ నీళ్లతో కలిస్తే చిక్కబడి ప్రెషర్ పెంచుతుంది. 2008 చివర్లో ప్రపంచమంతా అసిటోనైట్రైల్ కరువొచ్చినప్పుడు చాలామంది గతిలేక మిథనాల్‌కి మళ్లారు. నా మటుకు నాకు అసిటోనైట్రైలే ఇష్టం.

అసలు చిక్కు ఆ మసిలోనే ఉన్న క్రైసీన్‌తో. దానికీ బెంజ్‌ఆంత్రసీన్‌కీ నాలుగేసి వలయాలు, బరువు ఒకటే: 228. తేడా ఆకారంలోనే, క్రైసీన్ కాస్త పొడుగు. మా కాలమ్ మీద రెండూ ఒకే పీక్‌గా అంటుకుపోయేవి. వేడిలో కాలమ్ లోపలి సీ18 కార్బన్ గొలుసులు చెల్లాచెదురుగా ఊగుతాయి. చల్లబడితే బారులు తీరతాయి, పొడుగు అణువు వాటి సందుల్లోకి బాగా ఇముడుతుంది, ఆలస్యంగా బయటపడుతుంది.

సార్ చెరకు రసం బండి దగ్గర ఐస్ తెప్పించి, టబ్బులో నీళ్లు పోసి, కాలమ్‌ని ముంచారు. రన్ పొడుగైంది. పీక్ నెత్తిన చిన్న గుంట పడింది, తర్వాతి రన్‌కి లోయైంది. ప్రెషర్ అంకె మాత్రం ఎక్కుతూనే ఉంది. సార్ కుర్చీ లాక్కుని, ఆపే మీట మీద వేలు పెట్టుకుని, దాని ఎదురుగానే కూర్చున్నారు.