తాబేటి గుడ్ల కాపరులు

వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నంతో పాటు శ్రీకాకుళం తీరంలో చాలాచోట్ల జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కుతాయి. రాత్రంతా వాటి జాడ వెతుకుతూ ఇసుకలో నడిచేది మన మత్స్యకారులే. అటవీ శాఖ, ట్రీ ఫౌండేషన్ లాంటి సంస్థలు వారికి తోడు.

వాళ్ల చేతిపని చూసి తీరాలి. జాడ ఆగిన చోట ఇసుకను సన్నని కర్రతో మెల్లగా గుచ్చి చూస్తారు. మెత్తగా దిగిందా, ఇక చేత్తోనే తవ్వడం. ఒక్కో గూట్లో వంద దాకా గుడ్లు. నక్కలూ కుక్కలూ పసిగట్టకముందే, కొద్ది గంటల్లో, కుదపకుండా, దొర్లించకుండా గుడ్లు పొదిగించే హ్యాచరీకి చేర్చాలి. అక్కడ మూరెడు లోతున, మూతి ఇరుకుగా, అడుగు వెడల్పుగా గొయ్యి తీస్తారు, అచ్చం తల్లి తాబేలు తీసినట్టే. ఇసుక వేడెక్కితే ఆడవి, చల్లబడితే మగవి ఎక్కువ పుడతాయి కనుక నీడా చూసుకోవాలి. సుమారు 45 నుంచి 60 రోజులకు పిల్లలు పైకొస్తాయి. వలలు లాగి కాయలు కాసిన చేతుల్లో ఇంత సున్నితం ఉండటం నాకెప్పుడూ అబ్బురమే.

తీరంలో ఇళ్లు, హోటళ్లు ఉన్నవారికి ఒక్క మనవి. తాబేళ్లు గుడ్లు పెట్టి, పిల్లలు పైకొచ్చే నెలల్లో రాత్రిళ్లు సముద్రం వైపు దీపాలు ఆర్పేయండి. వెలుగు కనబడితే పిల్లలు దారి తప్పి ఊరి వైపు వచ్చేస్తాయి.