ముఖానికి దగ్గరైన దీపం: చిన్న ఎల్‌ఈడీ వెలుగు – చామనచాయ ముఖం

తెలుగు సినిమాపై సాహిత్య శాఖలలో జరిగే చర్చ ఎక్కువగా కథ, సంభాషణ, పాటల చుట్టూ సాగుతుంది. పాత్ర ముఖంపై పడిన వెలుగును కూడా అర్థాన్ని నిర్మించే అంశంగా చదవడం అరుదు. అరచేతిలో ఇమిడే ఎల్‌ఈడీ దీపాలు చిత్రీకరణ స్థలాలకు చేరిన తర్వాత ఈ ఉపేక్ష మరింత నష్టం కలిగిస్తున్నదని నా అభిప్రాయం.

టంగ్‌స్టన్ దీపం తీగను కాల్చి వెలుగునిస్తుంది. అది వాడుకునే విద్యుత్తులో అధిక భాగం వేడిగా పోతుంది. పెద్ద దీపాలకు స్టాండ్లు, కేబుళ్లు, అవసరమైతే జనరేటరు కావాలి. బ్యాటరీతో వెలిగే చిన్న ఎల్‌ఈడీ మాత్రం కారు డ్యాష్‌బోర్డు మీద, అల్మారా అరలో, తలుపు చాటున ఇమిడిపోతుంది. ఇరుకు ఇంటిని సెట్టుగా మార్చకుండానే చిత్రించే వీలు దీనివల్ల కలిగింది. తక్కువ వ్యయంతో సినిమా తీసేవారికి ఇది చిన్న మేలు కాదు.

అయితే ఈ స్వేచ్ఛకు మూల్యం చెల్లించేది నటుడు. చిన్న దీపం నుంచి అరమీటరు దూరంలో ఉన్న ముఖం మీటరు దూరానికి జరిగితే, దానిపై పడే వెలుగు నాలుగో వంతుకు తగ్గుతుంది. అందువల్ల దగ్గరి దీపం ముందు ముఖం వెలుగుతుంది, వెనుక గోడ చీకటిలో మునుగుతుంది. నటుడు జానెడు ముందుకు వంగినా వెలుగు మారిపోతుంది కనుక అతడు కదలకుండా కూర్చోవలసి వస్తుంది. ఆ నిశ్చలతను పాత్ర గాంభీర్యంగా వ్యాఖ్యానించే ముందు విమర్శకుడు దీపం ఎక్కడుందో గమనించాలి.

1956లో వచ్చిన ‘అపరాజితో’లో సుబ్రత మిత్ర దీనికి భిన్నమైన మార్గం పట్టాడు. స్టూడియోలో వేసిన కాశీ ఇంటి ముంగిలికి పైన తెల్లని వస్త్రం పరిచి, దీపాల కాంతిని దానిపైకి పంపి కిందికి పరావర్తనం చేయించాడు. నేరుగా ఎండ పడని ముంగిట్లో ఉండే మెత్తని వెలుగు అలా దొరికింది. వెలుగు మెత్తదనాన్ని నిర్ణయించేది దీపం ఖరీదు కాదు, ముఖానికి ఎదురుగా వెలుగుతున్న ఉపరితలం వైశాల్యం. బొటనవేలంత దీపానికి అంతే తెల్లని మూత తగిలిస్తే నీడ అంచు పెద్దగా కరగదు.

అసలు చిక్కు రంగులో ఉంది. సాధారణ తెల్లని ఎల్‌ఈడీ నీలి కాంతినిచ్చే చిప్‌పై ఫాస్ఫర్ పూతతో తయారవుతుంది. నాసిరకం వాటిలో గాఢమైన ఎరుపు లోపిస్తుంది. పెట్టెపై ముద్రించే సీఆర్‌ఐ సంఖ్య ఎనిమిది లేత రంగుల నమూనాల సగటు మాత్రమే. గాఢమైన ఎరుపును కొలిచే తొమ్మిదో నమూనా, ఆర్9, ఆ సగటులో చేరదు. చర్మానికి జీవం పోసేది ఆ ఎరుపే. అది లేనప్పుడు చామనచాయ ముఖం బూడిదబారుతుంది. మేలిరకం దీపాలు ఈ లోటును చాలావరకు తీర్చాయి, కానీ చిన్న బడ్జెట్ చిత్రాలకు అవి అందుతాయన్న హామీ లేదు. ఒకప్పుడు కొడాక్ ప్రయోగశాలలు రంగులు సరిచూసుకునేందుకు తెల్లజాతి యువతి చిత్రమున్న ‘షిర్లీ’ కార్డును ప్రమాణంగా వాడాయి. కొలమానం ఏ చర్మాన్ని లెక్కలోకి తీసుకున్నదన్న ప్రశ్న అప్పటినుంచీ ఉన్నదే. నల్లని కథానాయికలు మన తెరపై ఎందుకు అరుదన్న చర్చలో ఈ సాంకేతిక కోణానికీ చోటుండాలి.

ఆనందవర్ధనుడు ధ్వనిని వివరిస్తూ ఘటప్రదీపన్యాయాన్ని ఉదాహరించాడు: దీపం కుండను చూపుతూనే తానూ ప్రకాశిస్తుంది. చిన్న ఎల్‌ఈడీ విషయంలో ఈ న్యాయం తలకిందులయ్యే ప్రమాదముంది. నటుని కంటిపాపలో చతురస్రంగా మెరిసే చుక్క పాత్ర దుఃఖం కంటే ముందు దీపాన్నే పట్టిస్తుంది. (మన ఆన్‌లైన్ పాఠాలలో అధ్యాపకుల కళ్లద్దాలపై మెరిసే రింగ్‌లైట్ వలయం ఇలాంటిదే.) రాత్రి సన్నివేశంలో పాత్ర చేతిలోని ఫోన్ వెలుగు కిందినుంచి రావాలి. అదే ముఖం పక్కనుంచి నిండుగా వెలుగుతుంటే, ఆ పాత్ర చదువుతున్న సందేశాన్ని ప్రేక్షకుడు నమ్మడు.