పెడల్ మీద కాలు

రక్తనాళాల సర్జన్ చేతుల్ని మెచ్చుకుంటారు జనం. నేనైతే కాళ్లు చూస్తాను. జూనియర్ స్టెంట్ వేస్తుంటే నా చూపు ముందు పెడల్ మీదికే పోతుంది. అది తొక్కితేనే ఎక్స్‌రే వస్తుంది, తెర మీద గైడ్‌వైరు కనిపిస్తుంది. వైరు కదలడం లేదు, డాక్టరు గారు నర్సుతో మాట్లాడుతున్నారు, కాలు మాత్రం పెడల్ మీదే! ఆ కిరణాలు ఎవరి కోసం?

మనకు తగిలేది చాలావరకు రోగి ఒంటిని తాకి చెదిరిన కిరణాలే. ఎక్స్‌రే ట్యూబు బల్ల కింద ఉంటుంది కాబట్టి నడుము దిగువన తాకిడి ఎక్కువ. అక్కడ వేలాడే సీసపు తెరను అడ్డమని పక్కకు నెట్టేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ట్యూబునూ డిటెక్టర్‌నూ మోసే సీ-ఆర్మ్‌ను వాల్చినప్పుడు ట్యూబు వైపు కాకుండా డిటెక్టర్ వైపు నిలబడాలి. రంగుమందు ఎక్కించి వరసగా బొమ్మలు తీసే డీఎస్‌ఏలో డోసు కదిలే బొమ్మ చూపే మామూలు ఫ్లోరో కంటే చాలా ఎక్కువ. ఆ కాసేపూ వెనక్కి జరగాలి. దూరం రెట్టింపైతే తగిలేది సుమారు నాలుగో వంతే.

సీసం గ్లవ్స్ తొడుక్కుని చెయ్యి నేరుగా కిరణాల దారిలో పెట్టే వీరులూ ఉన్నారు. బొమ్మ నల్లబడిందని మెషీన్ తనంతట తానే డోసు పెంచేస్తుంది. వాళ్ల ధైర్యానికి అదే బహుమతి!

కంటి కటకానికి ఏడాదికి 150 మిల్లీసీవర్టులుగా ఉన్న పరిమితిని అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ 2011లో అయిదేళ్ల సగటున 20కి దించింది. అనుకున్నదానికంటే తక్కువ డోసుకే శుక్లం వస్తుందని తేలడమే కారణం. అయినా సీసం కళ్లద్దాలు బరువంటూ డ్రాయర్లోనే ఉంచేస్తాం. మనకు తగిలిన డోసును లెక్కగట్టే టీఎల్‌డీ బ్యాడ్జిదీ అదే గతి. ఆప్రాన్ లోపల ఛాతీ మీద ఉండాల్సింది లాకర్లో వేలాడుతుంది. రీడింగు పెరిగితే కేసులు ఆపమంటారేమోనని భయం. జ్వరం బయటపడుతుందని థర్మామీటర్ దాచినట్టుంది.

సర్జన్‌కు తన కాలు తన చేతిలో పనే. పక్కనున్న నర్సుకూ, టెక్నీషియన్‌కూ ఆ వీలు లేదు. మనం ఎంతసేపు తొక్కితే అంతసేపూ వాళ్లూ భరించాలి. అందుకే తోటి సర్జన్లకు ఒక మనవి: కేసు అయ్యాక తెర మీద కనిపించే ఫ్లోరో టైమూ, డోసూ ఆపరేషన్ నోట్సులో రాయించండి. “సార్, కాలు తియ్యండి” అనే చనువు మీ టీమ్‌లో అందరికీ ఇవ్వండి. అన్నవాళ్ల మీద కసురుకోకండి.